పాలీహౌస్ మట్టిలో జనుము: కలియదున్నిన తరువాతి మూడు వారాలు

పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ కప్పు వేసిన పంట ఇంట్లో) కీరదోస, కాప్సికమ్ పండించేవారిలో ఎవరిని కదిపినా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది. మొదటి రెండేళ్ళు తీగ ఎగబాకింది, కాయ బాగా దిగింది. ఆ తరువాత అదే విత్తనం, అదే డ్రిప్పు, అవే నీటిలో కరిగే ఎరువులు వాడుతున్నా ఆకు పసుపు తిరుగుతోంది, మధ్యాహ్నానికి మొక్క వాలిపోతోంది, పీకి చూస్తే వేళ్ళు ముడులు పడి ఉంటున్నాయి. విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు మా పరిచయస్తుల దగ్గర నేను ఈ మాట పదే పదే విన్నాను. కొందరు దీనిని ఎరువు చాలక వచ్చిన ఇబ్బందిగా భావించి మోతాదు పెంచుతున్నారు, మరికొందరు తెగులుగా మాత్రమే చూసి మందు మారుస్తున్నారు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులకు ఏళ్ళ తరబడి తిండి పెట్టకపోవడమే దీనికి మూలమని నేను నమ్ముతున్నాను. పచ్చిగా ఉండగానే మట్టిలో కలియదున్నే జనుము వంటి పచ్చిరొట్ట పైరు ఆ తిండి ఎలా పెడుతుందో, దానిని ఎప్పుడు ఎలా పెట్టాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆరుబయట పొలానికి, కప్పు కింద మట్టికి ఉన్న తేడాను ముందుగా గమనించాలి. బయట వాన పడుతుంది, ఆకు రాలుతుంది, గడ్డి మొలుస్తుంది, పశువు తిరుగుతుంది, పంట కోశాక మోళ్ళు మిగులుతాయి. పాలీహౌస్‌లో వీటిలో ఒక్కటీ జరగదు. పంట అయిపోగానే తీగలను వేళ్ళతో సహా పెరికి బయట పారవేస్తాము. తెగులు భయం వల్ల అది అవసరం కూడా. వాన లేదు కనుక ఎరువుల లవణాలు కిందికి కడిగివేయబడవు. డ్రిప్పు చుక్క పడిన చోట మట్టి ఉల్లిగడ్డ ఆకారంలో తడుస్తుంది, ఆ తడి అంచున లవణం పేరుకుని తెల్లటి పొరగా పైకి తేలుతుంది. అంటే సూక్ష్మజీవులకు అనువైన తావు బెడ్డు మొత్తంలో ఆ తడి ముద్ద వరకే పరిమితమవుతుంది. ఇక మా వైపు పాలీహౌస్ బెడ్లకు ఎక్కువగా వాడేది బయటి నుంచి తోలించిన ఎర్ర గరప మట్టి. ఇందులో సేంద్రియ కర్బనం సహజంగానే తక్కువ, చాలాసార్లు అర శాతం కూడా ఉండదు. మొదట్లో కలిపిన పశువుల గత్తం, ఊక రెండేళ్ళు ఆదుకుంటాయి. మూడో ఏటికి అవి అరిగిపోతాయి. ఆ దిగుబడి తగ్గడానికి, ఈ అరగడానికి కాలం సరిపోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

దీనికి తోడు పూల పంటలు వేసేవారిలో బెడ్లను ఫార్మాలిన్‌తో తడిపి ప్లాస్టిక్ కప్పే అలవాటు ఉంది. అది తెగులు శిలీంధ్రాలను చంపుతుంది, వాటితో పాటు వాటికి పోటీగా నిలిచే జీవులను కూడా చంపుతుంది. ఖాళీ అయిన మట్టిలోకి నారుతో, నీటితో, చెప్పులకు అంటిన మట్టితో మళ్ళీ ప్రవేశించే ఫ్యుజేరియం, పిథియం వంటి తెగులు జీవులకు అడ్డు చెప్పేవారు అక్కడ ఎవరూ ఉండరు. అందువల్ల ఫార్మాలిన్ వాడిన తరువాత వచ్చిన తెగులు అంతకు ముందరి కంటే తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ ఘాటు పీల్చిన మనిషి ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలి.

సూక్ష్మజీవులకు ప్రధానమైన ఆహారం కర్బనం. బతికి ఉన్న మొక్క తాను ఆకులో తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత భాగాన్ని వేళ్ళ ద్వారా మట్టిలోకి వదులుతుంది. ఆ వేరు చుట్టూ ఉండే సన్నటి మట్టి పొరలో జీవుల సంఖ్య మిగతా మట్టి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ పొరకు రైజోస్ఫియర్ అనే పేరును 1904లో జర్మనీకి చెందిన లోరెంజ్ హిల్ట్‌నర్ పెట్టాడు. ఆయన ఆ పేరు పెట్టిన ప్రసంగం ప్రత్యేకించి పచ్చిరొట్ట ఎరువు, బీడు వదలడం అనే రెండు అంశాల మీద చేసినదే. వేరు చుట్టూ జీవం గుమికూడుతుందన్న శాస్త్ర భావన పచ్చిరొట్టను అర్థం చేసుకునే ప్రయత్నంలో నుంచే పుట్టిందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

మా పాలీహౌస్ వెయ్యి చదరపు మీటర్లు, అంటే పావు ఎకరం. నేను, మా బావగారు కలిసి చూసుకుంటాము. వేసవిలో కీర తీసివేసిన తరువాత జనుము చల్లాలని నిర్ణయించుకున్నప్పుడు, చెరువు కింద వరి పండించే మా చిన్నాన్న వచ్చి చూసి, "ఏటమ్మా ఇది, జనుము వరిచేనుకి గానీ ఈ ప్లాస్టిక్ ఇంటికి దేనికి? ఈ రెణ్ణెల్లలో కీరకాయ ఒక కాపు వచ్చేసును గదా" అన్నారు. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. పాలీహౌస్‌కు పెట్టిన పెట్టుబడి, దాని మీద తీసుకున్న బ్యాంకు అప్పు రోజు లెక్కన వడ్డీ అడుగుతుంటే రెండు నెలలు అమ్మకం లేని పైరు వేయడం ఎవరికైనా బరువే. "చిన్నాన్నా, కాపు ఎలాగూ తగ్గుతోంది, ఈ రెండు నెలలు మట్టికి ఇచ్చి చూద్దాం" అని మా బావగారు నచ్చజెప్పారు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. పచ్చిరొట్ట అనగానే నత్రజని గురించే మాట్లాడుకుంటాము. ఎకరాకు ఎనిమిది టన్నుల పచ్చి రొట్ట వస్తుందనుకుంటే, పావు ఎకరానికి రెండు టన్నులు. అందులో దాదాపు ఎనభై శాతం నీరే కనుక ఎండు పదార్థం సుమారు 400 కిలోలు. అందులో ఉండే నత్రజని పది కిలోలకు కొంచెం అటూ ఇటూ. అది అర బస్తా యూరియాతో సమానం. కేవలం ఆ అర బస్తా కోసమైతే చిన్నాన్న మాటే సరైనది, రెండు నెలలు పోగొట్టుకోవడం దండగ. కానీ అదే ఎండు పదార్థంలో 160, 170 కిలోల కర్బనం ఉంటుంది, అది ఏ యూరియా బస్తాలోనూ, ఏ కరిగే ఎరువులోనూ దొరకదు. ఎరువు దుకాణంలో అమ్మే ట్రైకోడెర్మా, సూడోమోనాస్ అనే మేలు చేసే సూక్ష్మజీవుల పొడులు తెచ్చి చల్లినా, ఈ కర్బనం లేని మట్టిలో అవి కొద్ది రోజుల్లోనే కనుమరుగవుతాయి.

ఏ పైరు వేయాలన్నది ఆ మట్టిలో ఉన్న శత్రువును బట్టి నిర్ణయించుకోవాలి. వేరుముడి నులిపురుగు ఉన్న పాలీహౌస్‌లో జనుమే నా మొదటి ఎంపిక. ఆ పురుగు పిల్లలు జనుము వేరులోకి దూరినా అందులో ఎదిగి గుడ్లు పెట్టే స్థాయికి రావడం చాలా అరుదు. పైగా జనుములో ఉండే మోనోక్రోటలైన్ అనే ఆల్కలాయిడ్ (క్షారాభం) వాటికి గిట్టదు. అలసందలో చాలా రకాలు, జీలుగలో కొన్ని జాతులు అదే పురుగుకు చక్కగా ఆశ్రయమిస్తాయి, కాబట్టి పప్పుజాతి అయినంత మాత్రాన ప్రతిదీ పనికివస్తుందని అనుకోకూడదు. ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందు చల్లే నవధాన్యాల మిశ్రమం ఆరుబయట భూములకు ఎంతో మేలైన పద్ధతి, ఎందుకంటే వేళ్ళు ఎన్ని రకాలైతే వాటి చుట్టూ చేరే జీవులు అన్ని రకాలుగా ఉంటాయి. అయితే నులిపురుగు పట్టిన పాలీహౌస్‌లో ఆ మిశ్రమాన్ని యథాతథంగా చల్లమని నేను చెప్పలేను. ఉప్పు పేరుకున్న బెడ్లలో మాత్రం జనుము కంటే జీలుగ బాగా తట్టుకుంటుంది.

విత్తనం ఎకరాకు పదిహేను కిలోల లెక్కన చల్లుతాము. రైతు సేవా కేంద్రాల్లో రాయితీపై దొరికినప్పుడు తీసుకోవచ్చు. బయటి నుంచి తెచ్చిన మట్టిలో, అందులోనూ ఫార్మాలిన్ పడిన మట్టిలో, జనుముకు సరిపడే రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా) ఉంటుందన్న నమ్మకం లేదు కనుక అలసంద వర్గానికి పనికివచ్చే రైజోబియం కల్చర్‌ను బెల్లం నీళ్ళతో విత్తనానికి పట్టించి నీడన ఆరబెట్టడం మంచిది. నీటి విషయంలో డ్రిప్పు ఒక్కటే సరిపోదు. చల్లిన గింజ బెడ్డు అంతటా ఉంటుంది, డ్రిప్పు తడి ఒక గీత వెంటే ఉంటుంది. కాబట్టి పైపుతోనో, చిన్న స్ప్రింక్లర్లతోనో బెడ్డు మొత్తం తడపాలి. ఇలా తడపడం వల్ల అంచుల్లో ఎండి ఉన్న మట్టి కూడా మళ్ళీ జీవులకు తావు అవుతుంది.

నాలుగు వారాల పైరును జాగ్రత్తగా తవ్వి తీసి, వేరును నీటిలో జాడించి చూడడం తప్పక చేయవలసిన పని. జనుము వేరుకు పక్కగా, పూసలు అంటించినట్లు చిన్న బుడిపెలు ఉంటాయి. గోటితో నెడితే అవి సులువుగా ఊడివస్తాయి. బ్లేడుతో సగానికి కోస్తే లోపల లేత ఎరుపు, గులాబీ మధ్య రంగు కనిపిస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల ఆ రంగు వస్తుంది, ఆ రంగు ఉన్నదంటే బుడిపె గాలిలోని నత్రజనిని పట్టి పని చేస్తున్నదని అర్థం. లోపల తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగా లేదా గోధుమ రంగులో ఉంటే దాని పని అయిపోయింది. కీర వేరులో కనిపించే నులిపురుగు ముడి దీనికి పూర్తిగా భిన్నం. అది వేరుకు పక్కన అంటుకుని ఉండదు, వేరే ఉబ్బి ముడి పడుతుంది, గోటితో ఊడదు, లాగితే వేరే తెగుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడి, మేలు చేసే బుడిపెలను చూసి పురుగు మందు పోసినవారు నాకు తెలుసు, కనుక దీనిని ఇంత విడమరచి రాశాను.

పైరును ఎప్పుడు కలియదున్నాలి? పూత దశలో అని అందరూ చెబుతారు. వరి పొలంలో తొలకరి జనుముకు ఆ కొలత సరిపోతుందేమో గానీ, వేసవిలో కప్పు కింద ఉన్న పైరుకు దానినే నమ్ముకోలేము. జనుము పగటి వేళ తగ్గినప్పుడు పూసే మొక్క. మే, జూన్ నెలల పొడుగు పగళ్ళలో పూత ఆలస్యమవుతుంది, ఈలోగా కాండం నార కడుతుంది. అందుకే పువ్వు కోసం చూడకుండా కాండాన్ని విరిచి చూడాలి. నేల నుంచి జానెడు ఎత్తున వేలితో వంచితే తటాలున విరిగిందంటే సమయం సరైనది, వంగి నార సాగిందంటే కొంత ఆలస్యమైనట్లే. సాధారణంగా ఇది 40, 45 రోజుల మధ్య ఉంటుంది.

ఈ కొలత వెనుక ఉన్న లెక్క సూక్ష్మజీవిదే. దాని శరీరంలో ఒక పాలు నత్రజనికి దాదాపు ఎనిమిది పాళ్ళు కర్బనం ఉంటుంది, శక్తి కోసం అది మరో పదహారు పాళ్ళు కాల్చుకుంటుంది. అంటే తినే పదార్థంలో ఒక పాలు నత్రజనికి 24 పాళ్ళ కర్బనం ఉంటే దానికి సరిగ్గా సరిపోతుంది. లేత జనుములో కర్బనం ఇంతకంటే తక్కువ పాళ్ళలో ఉంటుంది, కనుక తినగా మిగిలిన నత్రజని మట్టిలోకి వస్తుంది. ముదిరి నార కట్టిన కాండంలో ఈ నిష్పత్తి ముప్పై దాటిపోతుంది. అప్పుడు చాలని నత్రజనిని సూక్ష్మజీవులు మట్టిలో నుంచే లాక్కుంటాయి, తరువాత నాటిన కీర కొన్ని వారాల పాటు పసుపు పచ్చగా నిలబడిపోతుంది. అయితే బొత్తిగా లేతగా ఉన్నప్పుడే దున్నినా పూర్తి ప్రయోజనం ఉండదు. మరీ మెత్తని రొట్ట నాలుగు రోజుల్లో కరిగిపోయి బాక్టీరియాను మాత్రమే పోషిస్తుంది, నిదానంగా తినే శిలీంధ్రాలకు ఏమీ మిగలదు.

రొట్టను నేల మీద ఉండగానే కత్తితోనో, గడ్డి కోసే యంత్రంతోనో ముక్కలు చేసి, పవర్ టిల్లర్‌తో పై ఆరు అంగుళాల్లో కలిపిన రోజు నుంచి అసలు విషయం మొదలవుతుంది. ముందుగా చక్కెరలు, మాంసకృత్తుల వంటి సులువుగా అరిగే పదార్థాల మీద పడేవి వేగంగా పెరిగే బాక్టీరియాలు. ప్రోటియోబాక్టీరియా, బాక్టీరాయిడీట్స్, ఫర్మిక్యూట్స్ వర్గాలకు చెందినవి ఈ దశలో విజృంభిస్తాయి, పేద మట్టిలో నెమ్మదిగా బతికే ఆసిడోబాక్టీరియా వాటా తగ్గుతుంది. మట్టి వేడెక్కుతుంది, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా వెలువడుతుంది. మూసిన పాలీహౌస్‌లో అమ్మోనియా ఘాటు కూడా నిలిచిపోవచ్చు, కనుక ఈ రోజుల్లో పక్క తెరలు ఎత్తి ఉంచాలి.

ఈ మొదటి వారమే ప్రమాదకరమైన కాలం. పచ్చి రొట్టను ఇష్టంగా తినేవాటిలో మనకు మేలు చేసేవి మాత్రమే ఉండవు. నారుకుళ్ళు తెగులు కలిగించే పిథియం, వేరుకుళ్ళు కలిగించే రైజోక్టోనియా కూడా తాజా రొట్ట మీద బాగా పెరుగుతాయి. ఆ సమయంలో నారు నాటితే ఆ తెగుళ్ళకు మనమే విందు పెట్టినట్లవుతుంది. పచ్చిరొట్ట వేశాక తెగులు పెరిగిందని, అది పాలీహౌస్‌కు పనికిరాదని కొందరు తేల్చి చెప్పడం విన్నాను; వారిలో చాలామంది దున్నిన వారం లోపే నాటినవారే. కాలం విలువైనదని తొందరపడడం అర్థం చేసుకోదగినదే, కానీ ఆ తొందరలో మిగిల్చుకున్న పది రోజులు పంట మొత్తాన్ని తీసుకుపోగలవు.

రెండో వారంలో బాక్టీరియాను తినే ప్రోటోజోవా, బాక్టీరియాను మాత్రమే తినే నులిపురుగులు పెరుగుతాయి. నులిపురుగు అనగానే శత్రువుగా చూడడం సరికాదు. మట్టిలో చాలా జాతులు మొక్క జోలికే రావు. ఇవి తినే బాక్టీరియాలో నత్రజని వీటి అవసరానికి మించి ఉంటుంది, ఆ మిగులును అవి అమ్మోనియం రూపంలో విసర్జిస్తాయి. మొక్కకు అందే నత్రజనిలో గణనీయమైన భాగం ఈ మార్గంలోనే విడుదలవుతుంది. అదే సమయంలో నార పదార్థాన్ని విడగొట్టే శిలీంధ్రాలు, స్ట్రెప్టోమైసిస్ జాతులు నిలదొక్కుకుంటాయి. తొలి వానకు మట్టి నుంచి వచ్చే వాసన స్ట్రెప్టోమైసిస్ తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. మూడో వారం చివర బెడ్డులో పిడికెడు మట్టి తీసి వాసన చూస్తే ఆ తొలకరి వాసన రావాలి. పుల్లటి, మురుగు వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదని, నీరు ఎక్కువైందని గ్రహించి ఆగాలి.

విశాఖ వేసవి వేడిలో, తగిన తడి ఉంటే, ఈ క్రమమంతా మూడు వారాల్లో చాలావరకు ముగుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. నారు పెంచే ట్రేలో సగం గుంతలను బెడ్డు మట్టితో, సగం గుంతలను మామూలు కొబ్బరి పొట్టుతో నింపి, రెండింటిలో కీర గింజలు నాటి చూడాలి. వారం రోజుల్లో బెడ్డు మట్టిలో మొలకలు మెడ దగ్గర సన్నబడి పడిపోతుంటే పిథియం ఇంకా తగ్గలేదని అర్థం. రెండు సగాలూ సమానంగా నిలబడితే ధైర్యంగా నాటుకోవచ్చు.

తీవ్రమైన ఎండు తెగులు, అంటే కీరలో ఫ్యుజేరియం, కాప్సికమ్‌లో రాల్‌స్టోనియా బాక్టీరియా పట్టిన బెడ్లకు ఇదే రొట్టను మరో పద్ధతిలో వాడతారు. 2000 ప్రాంతంలో జపాన్, నెదర్లాండ్స్ దేశాల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో రొట్టను కలిపి, మట్టి పూర్తిగా నానేలా నీరు పెట్టి, గాలి చొరబడని ప్లాస్టిక్‌తో కప్పి కొన్ని వారాలు ఉంచుతారు. ప్రాణవాయువు అయిపోగానే క్లాస్ట్రీడియం వంటి గాలి అవసరం లేని బాక్టీరియాలు విజృంభించి ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారుచేస్తాయి. వాటికి వేసవి వేడి తోడై తెగులు జీవులు నశిస్తాయి. కప్పు తీశాక మట్టిని బాగా ఆరనిచ్చి, అప్పుడు మాగిన గత్తంలో పెంచిన ట్రైకోడెర్మా కలపాలి, ముందే కలిపితే అది కూడా పోతుంది. ఇది ఘాటైన చికిత్స. తెగులు లేని బెడ్డుకు ఏటా చేయవలసిన పని కాదు.

మైకోరైజా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికి రొట్ట కంటే బతికి ఉన్న వేరు ముఖ్యం. వేరులోపల నివసిస్తూ మొక్కకు భాస్వరం అందించే ఈ శిలీంధ్రం వేరు లేని ఖాళీ నెలల్లో క్షీణిస్తుంది. జనుము ఆ ఖాళీని పూరిస్తుంది. ఆవ వేస్తే అది దక్కదు. ఆవ జాతి మొక్కలు తెగులు జీవులను అణచే ఘాటు పదార్థాలను విడుదల చేస్తాయి గానీ మైకోరైజాకు ఆశ్రయం ఇవ్వవు. ఇంత చేసిన తరువాత కూడా అలవాటు కొద్దీ 12-61-0 వంటి భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువును డ్రిప్పులో వారం వారం వదిలితే, భాస్వరం ఊరికే దొరుకుతున్న మొక్క ఆ శిలీంధ్రాన్ని పోషించడం మానుకుంటుంది. మట్టి పరీక్ష చేయించి భాస్వరం తగ్గించుకోవడం వల్ల ఎరువు ఖర్చు కూడా తగ్గుతుంది.

పచ్చిరొట్టతో కానివి కూడా ఉన్నాయి. పేరుకున్న లవణాన్ని అది తొలగించదు. దానికి మంచి నీటితో బెడ్డును నిండుగా తడిపి కిందికి దించడం, నీరు పోయే దారి చూపడం తప్ప మార్గం లేదు, తీరానికి దగ్గరగా బోరు నీరే ఉప్పగా ఉన్నచోట ఇది మరింత కష్టం. ఒక్కసారి వేసినంత మాత్రాన సేంద్రియ కర్బనం అంకె పెరిగిపోదు. మన వేడికి, తడికి రొట్టలోని కర్బనంలో అధిక భాగం కొన్ని నెలల్లోనే గాలిలో కలిసిపోతుంది. మాగిన గత్తం, పంట తరువాత పంటగా రొట్ట, ఈ రెండూ కొనసాగితేనే ఆ అంకె కదులుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు పాలీహౌస్ మొత్తంలో ఒకేసారి వేయకుండా ఒకటి రెండు బెడ్లను జనుము లేకుండా వదిలి, మిగతావాటితో సమానంగా నీరు, ఎరువు ఇచ్చి చూడాలని నా సూచన. నాటిన రోజున రెండు రకాల బెడ్లలోనూ జానెడు లోతున ఒకే నూలు గుడ్డ నుంచి చింపిన రెండు ముక్కలను పాతిపెట్టి, రెండు నెలలకు తీసి పక్కపక్కన పరవాలి. నూలు అంతా సెల్యులోజే, దానిని తినేవి సూక్ష్మజీవులే, కాబట్టి ఏ ముక్క ఎంత మిగిలిందో చూస్తే లోపలి పని కంటికి కనిపిస్తుంది. పంట తీసేటప్పుడు రెండు బెడ్లలోని కీర వేళ్ళను కూడా కడిగి, ముడులను పోల్చి రాసి పెట్టుకుంటే, వచ్చే వేసవిలో ఆ రెండు నెలలు జనుముకు ఇవ్వాలా, కీరకు ఇవ్వాలా అన్నది ఎవరి మట్టిని బట్టి వారే నిర్ణయించుకోవచ్చు.